నలభై ఒక్క పేర్లలో లేని గొంతు

నలభై ఒక్క పేర్లు వేశారు. ఆమె పేరు వేయలేదు.

యాభై రెండేళ్ల కిందటి నలుపు తెలుపుల నేరకథా చిత్రం ‘మూడో సంతకం’ను ముక్కాముక్కా ఏరి, గీతలు తుడిచి, ధ్వనిని శుభ్రం చేసి కొత్త ప్రింట్లు తీశామని పాత చిత్రాల పరిరక్షణ సంఘం ఈ ఏడాది ఘనంగా ప్రకటించుకుంది. చిత్రం మొదలయ్యే ముందు తెర మీద ఒక పేర్ల పట్టిక వస్తుంది. అందులో సంఘం అధ్యక్షుడున్నాడు. ఉపాధ్యక్షులు నలుగురున్నారు. కోశాధికారి తోడల్లుడున్నాడు. సంఘం కార్యాలయానికి కుర్చీలు ఇప్పించిన పెద్దమనిషి ఉన్నాడు. ఆ చిత్రంలో కథానాయిక పలికే ప్రతి మాటనూ నిజంగా పలికిన మనిషి మాత్రం లేదు. సొమ్మొకరిది, సోకొకరిది అన్న సామెతను ఇంత చక్కగా తెరకెక్కించినవారు ఇంతకు ముందు లేరు. ప్రింట్ల పెట్టెలు ఇంకా సంఘం గదిలోనే ఉన్నాయి. వచ్చే నెల ఒకటో తారీకున అరవై హాళ్లకు బయలుదేరతాయి. ఆలోగా ఆ పట్టికలో ఒక్క వరుస చేరుతుందా, చేరదా అన్నదే తేలవలసిన సంగతి.

ఆ మనిషి ఒక రైల్వే స్టేషన్‌లో ముప్పై ఆరేళ్లు రైళ్ల రాకపోకలు ప్రకటించింది. సామాన్లు మోసేవాళ్ల నుంచి స్టేషన్ మాస్టర్ దాకా అందరూ ఆమెను ఆలస్యమక్క అనేవారు. రైళ్లు ఆలస్యంగా నడవడంలో ఆమె పాపం ఏమీ లేకపోయినా, ఆ కబురు మోసేది ఆమె గొంతే గనుక పేరు ఆమెకే అంటుకుంది.

“అక్కా, ఈ పూట ఎంత వడ్డించావు?” అని టికెట్ కలెక్టర్ కిటికీలోంచి అడిగేవాడు.

“నలభై నిమిషాలు. చాలకపోతే చెప్పు, మారు వడ్డిస్తా.”

భర్త అదే స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. “ఇంట్లో మాత్రం ఆ గొంతు పెట్టకు. వంట కూడా గంట ఆలస్యమేమోనని ఆకలి చచ్చిపోతుంది,” అని నవ్వేవాడు.

ఆమె గది మెట్ల కింద ఉండేది. కుర్చీ వెనక్కి జరిపితే తలుపు తెరుచుకోనంత గది. ఒక బల్ల, దాని మీద మైకు, గోడకు వేళల పట్టీ, పై ఆఫీసు నుంచి కబురు మోసుకొచ్చే నల్ల ఫోను. ఆ గదిలో ఎవరూ నేర్పని విద్య ఒకటి ఆమె నేర్చుకుంది. ప్లాట్‌ఫారం కప్పు పొడవాటి రేకు. మైకులో పలికిన మాట ఆ చివరి రేకు దాకా వెళ్లి తిరిగొచ్చేది. ఆ మోత చావకముందే రెండో మాట అందుకుంటే రెండూ కలగాపులగమయ్యేవి. అందుకని రైలు పేరు చెప్పగానే ఆమె ఆగి, గోటితో బల్ల మీద నాలుగుసార్లు తట్టేది. నాలుగో తట్టు తర్వాత చెప్పేది, ఎంత ఆలస్యమో. ఆ నాలుగు తట్ల సేపూ సంచులు సర్దుకునే చేతులు ఆగిపోయేవి, గొడవ పడుతున్న దంపతులు ఊరుకునేవారు, ప్లాట్‌ఫారం అంతా ఊపిరి బిగబట్టేది. ఆమె గొంతులో క్షమాపణ ఉండేది కాదు, ఓదార్పూ ఉండేది కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేది. అయినా జనం కిటికీ దగ్గరికి వచ్చి దెబ్బలాడేవారు.

“ఇదిగో వచ్చేస్తోంది అన్నారుగా?”

“గంటన్నర అన్నానండీ.”

“మాకలా వినపడలేదే.”

మనుషులు తమకు కావలసిందే వింటారని, చెప్పేవాళ్లు ఎంత నిక్కచ్చిగా చెప్పినా అది మారదని ఆమెకు ఇరవై నాలుగేళ్ల వయసులోనే తెలిసిపోయింది.

ఆ వయసులోనే ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర ఒక పొడుగాటి మనిషి నిలబడ్డాడు. చొక్కా జేబు నిండా సిరా మరకలు. సినిమాలకు మాటలు రాసే రచయిత. ఆయన ఎక్కవలసిన రైలు అప్పటికి మూడుసార్లు వెనక్కి జరిగింది.

“ఇందాక ప్రకటించింది మీరేనా?”

“ఫిర్యాదైతే పుస్తకం మాస్టారి గదిలో ఉంటుందండీ.”

“ఫిర్యాదు కాదమ్మా. మూడోసారి మీరు రెండు గంటలు అన్నప్పుడు నాకు కోపం రాలేదు, భయమేసింది. నా కథలో హంతకురాలికి సరిగ్గా ఈ గొంతే కావాలి.”

ఆమె చేతిలోని రిజిస్టరు మూసింది. “మా ఆయన్ని ఒక మాట అడగాలండీ. ఒకే కప్పు కింద ఉండేవాడు కదా.”

సంగతి విని భర్త నవ్వేశాడు. “హంతకురాలైతే ఏం? నేను రోజూ వింటూనే ఉన్నాను, ఇప్పటిదాకా బతికే ఉన్నాను,” అన్నాడు. అనుమతి దొరికినట్టే.

అడ్డు ఒక్కటే మిగిలింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం బయటి పని దేనిలోనూ ఉద్యోగి పేరు కనబడకూడదని స్టేషన్ నిబంధన. అందుకు రచయితే ఒక ఉత్తరం రాశాడు: ‘ఈ చిత్రంలో కథానాయికకు గొంతు ఇచ్చినవారు మీరు. మీ ఉద్యోగం కారణంగా ఇప్పుడు పేరు వేయలేకపోతున్నాం. మీరు పదవీ విరమణ చేసిన తరువాత తీసే ప్రతి కొత్త ప్రింటులోనూ మీ పేరు వేయిస్తాం.’ కింద రచయిత సంతకం, దాని పక్కన నిర్మాత సంతకం, నిర్మాణ సంస్థ ముద్ర. రెండు మడతల ఆ కాగితం ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది. మడత దగ్గర ఒక అక్షరం మాత్రం అరిగింది.

మాటల కాగితాలు ముందుగానే ఆమె చేతికి వచ్చాయి. రైలుకూ రైలుకూ మధ్య ఆ మెట్ల కింది గదిలో కూర్చుని చదివింది. కథ ఇది. ఒక ధనవంతుడు హఠాత్తుగా చనిపోతాడు. ఆయన వీలునామా మీద మూడు సంతకాలున్నాయి. మూడోది దొంగ సంతకమని అనుమానం. అది తేల్చమని కోర్టు ఒక చేతిరాతల పరిశీలకుణ్ణి పంపుతుంది. అతడు చనిపోయినవాడి భార్యను చూస్తాడు, మనసు పారేసుకుంటాడు, దొంగ సంతకం అసలుదేనని రాసిస్తాడు. చివరికి ఉద్యోగం పోయి, పరువు పోయి ఆమె గుమ్మంలో నిలబడతాడు.

మొదటిసారి చదివినప్పుడు ఆమెకు కథ నచ్చింది. రెండోసారి చదువుతుండగా ఆగి, వెనక్కి తిప్పి మొదటి పుట మళ్లీ చూసింది. మూడోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని కథానాయిక మాటలు మాత్రమే వరుసగా గీతలు పెట్టుకుంటూ చదివింది. పరిశీలకుడు, ‘ఈ సంతకం మీ ఆయన చేసిందేనా?’ అని అడిగితే ఆమె, ‘ఆ కలం ఆయనదే,’ అంటుంది. ‘ఆ సాయంత్రం మీరు ఇంట్లోనే ఉన్నారా?’ అంటే, ‘పోలీసులకు తలుపు తీసింది నేనే,’ అంటుంది. ‘నన్ను ప్రేమిస్తున్నావా?’ అంటే, ‘నువ్వు లేకపోతే నా గతేమిటి?’ అంటుంది. చిత్రం పొడుగునా అంతే.

మరుసటి సెలవు రోజు ఉదయం రికార్డింగ్ గదిలోకి అడుగు పెడుతూనే రచయితను నిలదీసింది.

“ఏవండీ, ఈవిడ మొత్తం కథలో ఒక్క అబద్ధం కూడా ఆడలేదే.”

ఆయన నోట్లోకి వెళ్లబోతున్న సిగరెట్టు అక్కడే ఆగింది. “దర్శకుడు ఇరవైసార్లు చదివాడు. నటులు బట్టీ పట్టారు. ఈ మాట అన్నది నువ్వొక్కదానివే. ఎలా పట్టుకున్నావు?”

“నా ఉద్యోగమే అదండీ. నేను చెప్పేది నిజం, వాళ్లు వినేది ఇంకోటి.”

ఆ రోజు నుంచి ఆయన ఆమెను మీరు అనడం మానేశాడు. అది చనువు కాదు, బిరుదు.

అప్పట్లో గొంతు కలిపే పద్ధతి వేరు. చిత్రం ముక్కను గుండ్రంగా అతికించి తెర మీద మళ్లీ మళ్లీ తిప్పేవారు. దాన్ని లూపు అనేవారు. బొమ్మ పెదవి కదిలినప్పుడు మాట పడాలి, మూసుకున్నప్పుడు ఆగాలి. నటి పెదవుల వెంట పరిగెత్తుతూ ఆమె ఆ నటిని అణువణువూ చదివింది. నటి చేతిరుమాలు వేలికి చుట్టుకునే తీరులోనే సగం కథ ఉందని కనిపెట్టింది. నిజంలో సగం దాచే ప్రతిచోటా ఆ రుమాలు ఒక చుట్టు బిగుస్తుంది. “ఈ వేళ్లకి మాటలు కలపనక్కర్లేదండీ, అవే మాట్లాడేస్తున్నాయి,” అని సౌండ్ ఇంజనీరుతో అంది. “మీరు కలపాల్సింది పెదాలకి,” అని ఆయన విసుక్కున్నాడు.

ఆఖరి లూపు వచ్చింది. కథానాయిక కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంటుంది. వీపు మీద కిటికీ చువ్వల నీడలు. ముఖం కనపడదు. పరిశీలకుడు అడుగుతాడు: ‘నాతో ఒక్కసారైనా నిజం చెప్పావా?’ ఆమె జవాబు రెండు వాక్యాలు.

“పెదాలు కనపడవు కాబట్టి బాధ లేదు. గబగబా చెప్పేయండి,” అన్నాడు ఇంజనీరు.

ఆమె మొదటి వాక్యం చెప్పింది: ‘నేను చెప్పినవన్నీ నిజాలే.’

చెప్పి, ఆగింది. ఎందుకు ఆగిందంటే, రెండేళ్లుగా చేయి నేర్చిన అలవాటది. ఎదురుగా కాగితం పెట్టుకున్న కర్రబల్ల మీద గోరు తనంతట తానే తట్టింది: ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఈలోగా లూపు అయిపోయి తెర తెల్లబడింది. ఆ తెల్ల తెరకే ఆమె రెండో వాక్యం చెప్పింది: ‘అబద్ధాలన్నీ నువ్వు విన్నవి.’

“అమ్మా, బొమ్మ అయిపోయింది, ఎవరితో చెబుతున్నారు? పైగా ఆ టకటకలేంటి?”

“అలవాటండీ. రేకు మోత చావాలిగా.”

“ఇక్కడ రేకెక్కడిది?”

నవ్వు ఇంకా మొదలుకాకముందే రచయిత లేచి నిలబడ్డాడు. “ఆ మాట ముట్టుకోకండి. బొమ్మనే పొడిగిద్దాం.”

దర్శకుడు తల గోక్కున్నాడు. ఎడిటర్ రెండు రోజులు పాత ముక్కలన్నీ వెదికాడు. నటుడి ముఖం మరో టేకులో దొరికింది; అందులో అతడు ఇంకా ఏ మాటా విననివాడిలా, చిన్న ఆశతో చూస్తుంటాడు. దాన్ని తెచ్చి రెండు వాక్యాల మధ్య అతికారు. అంతే, చిత్రం మారిపోయింది. మొదటి వాక్యం విని అతడి పెదవి మీద నవ్వు మొదలవుతుంది: నిజాలే చెప్పింది, అంటే ప్రేమించింది. మొదటి తట్టు. రెండో తట్టుకు నవ్వు నిలుస్తుంది. మూడో తట్టుకు కళ్లు పక్కకు పోతాయి, కలం గుర్తొచ్చింది, తలుపు గుర్తొచ్చింది. నాలుగో తట్టుకు హాల్లో కూర్చున్న ప్రతివాడికీ అన్ని జవాబులూ ఒక్కసారిగా గుర్తొస్తాయి. అప్పుడు ఆ రెండో వాక్యం వచ్చి పడుతుంది. రాసినవాడి పొదుపు, వింటున్న నటుడి ముఖం, తిరిగి చూడని వీపు, కనపడని గొంతు, నలుగురూ ఒకే క్షణంలో కలుసుకున్న చోటది. తట్లు గడియారం చప్పుడేమోనని కొందరనుకున్నారు, అతడి గుండె చప్పుడేనని మరికొందరు. సౌండ్ ఇంజనీరు నోటుపుస్తకంలో ఆ తేదీ కింద ఇలా ఉంది: ‘ఆఖరి లూపు. నాలుగు తట్లు పడ్డాయి. రచయిత ఉంచమన్నారు.’ తర్వాతెప్పుడో ఆయన కూతురు ఆ పుట నకలు తీసి ఆమెకు ఇచ్చింది.

చిత్రం విడుదలయ్యాక విమర్శకులు ఆ విరామాన్ని ఆకాశానికెత్తారు. దర్శకుడి మేధస్సన్నారు, నటి ఊపిరి మీద సాధించిన అదుపన్నారు. నటి మాత్రం నిజాయితీ గల మనిషి. ఒక మధ్యాహ్నం ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని మెట్ల కింది గది తలుపు తట్టింది.

“ఎవరు కావాలండీ?”

“నా గొంతు ఇక్కడ ఉద్యోగం చేస్తోందట. ఒకసారి చూసిపోదామని వచ్చాను.”

ఇద్దరూ ఒకే కుర్చీని పంచుకుని గంటసేపు కూర్చున్నారు. నటి మూడు పత్రికలవాళ్లకు ఈ సంగతి చెప్పిందట. ముగ్గురూ ఆ వాక్యం కోసేసి మిగతాది వేశారట. “నీ మాటా నా వీపూ కలిస్తేనే ఆవిడ. విడివిడిగా మనం మామూలు ఆడవాళ్లం,” అని చెప్పి వెళ్లిపోయింది. ఆ నటి ఇప్పుడు లేదు. రచయిత లేడు, నిర్మాత లేడు.

ఆమె పదవీ విరమణ చేసి పద్దెనిమిదేళ్లయింది. కొత్త ప్రింటు వస్తోందని తెలియగానే ఉత్తరం నకలు, నోటుపుస్తకం పుట నకలు జతచేసి సంఘానికి దరఖాస్తు పెట్టింది. తట్ల సంగతి మూడో పేరాలో వివరంగా ఉంది. నలభై రోజులకు జవాబు వచ్చింది, మూడు వరుసలు: ‘సంతకాలు చేసినవారు జీవించి లేనందున వాటిని ధ్రువీకరించలేము. సదరు గొంతు నటిదేనని లోకప్రసిద్ధము. గమనించగలరు.’

కోడలు కళ్లద్దాల దుకాణం నడుపుతుంది. చిన్న అక్షరాలతో రోజూ కుస్తీ పడే మనిషి. ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి రెండుసార్లు చదివింది.

“సంతకం ధ్రువీకరించడానికి ఎవణ్ణి తెమ్మంటారు అత్తయ్యా? ఆ సినిమాలోని పరిశీలకుణ్ణా?”

“వాణ్ణొద్దమ్మా. వాడు ఆడవాళ్ల మాట వినగానే సంతకం పెట్టేస్తాడు,” అని అత్తగారు పగలబడి నవ్వింది. “ఆదివారం పొద్దున సంఘంవాళ్లు ముందుగా ఒక ఆట వేస్తున్నారట. ముందు సినిమా చూద్దాం పద.”

డెబ్బై ఆరేళ్ల మనిషి ఆ ఉదయం నాలుగు చీరలు మార్చింది. హాల్లో దీపాలు ఆరాక ఆమెను కుర్చీలో కూర్చోబెట్టడం కోడలి తరం కాలేదు.

“అదిగో, ఆ రుమాలు చూడు. ఇప్పుడొక చుట్టు బిగిస్తుంది, చూడు చూడు. మాట నాది, ఆ వేళ్లు ఆవిడవి.”

“అత్తయ్యా, మెల్లిగా. ముందు వరుసవాళ్లు తిరిగి చూస్తున్నారు.”

“చూడనీ. వాళ్లు వెనక్కి చూస్తే నష్టం వాళ్లకే, ఆ కలం మాట పోతుంది.”

‘ఆ కలం ఆయనదే’ అన్నచోట హాలంతా నిశ్శబ్దమైంది. యాభై రెండేళ్ల తర్వాత కూడా ఆ వాక్యం పనిచేస్తోంది. ఆమె ఆనందంతో కోడలి మోకాలు చరిచింది. మాట పడిన ప్రతిచోటా తానే మొదటిసారి వింటున్నట్టు తల ఊపింది.

ఆఖరి దృశ్యం వచ్చింది. వీపు, చువ్వల నీడలు, మొదటి వాక్యం. తర్వాత నిశ్శబ్దం. శుభ్రమైన, కడిగిన, ఏమీ లేని నిశ్శబ్దం. నటుడి ముఖం ఒంటరిగా మారుతోంది. ఆమె కోడలి చేయి గట్టిగా పట్టుకుంది.

“తీసేశారే.”

“ఏం తీసేశారు?”

“నా నాలుగూ.”

దీపాలు వెలిగాయి. గుమ్మంలో పంచిన పుస్తకాన్ని కోడలు వేళ్లతో గబగబా తిరగేసి పద్నాలుగో పుట దగ్గర ఆగింది. అక్కడ, అందరూ వదిలేసే చిన్న అక్షరాల్లో, సంఘం తన గొప్ప తానే చెప్పుకుంది: ‘ఆఖరి దృశ్యంలో రెండు వాక్యాల నడుమ వినిపించే నాలుగు అనవసర చప్పుళ్లను విజయవంతంగా తొలగించాము.’

అధ్యక్షుడు వేదిక ఎక్కి, ఆ విరామం నటి సాధన అని, ఊపిరి బిగబట్టి చేసిన తపస్సని ఉపన్యసించాడు. ప్రశ్నలుంటే అడగమన్నాడు. ఆమె లేచింది.

“బాబూ, ఆ విరామం నాది.”

గొంతు బొంగురు. మూడేళ్ల కిందటి జబ్బు దాన్ని అరగదీసింది. వెనక వరుసలో ఎవరో, “ఇదా ఆ గొంతు?” అన్నారు. నలుగురు నవ్వారు. ఆమె అటు తిరిగి, “రైలు పాతబడితే కూత మారుతుంది నాయనా, పట్టాలు అవే,” అంది. ఈసారి హాలంతా నవ్వింది.

“ఆధారం ఏమైనా ఉందామ్మా?” అని అధ్యక్షుడు ఓర్పుగా అడిగాడు.

కోడలు లేచి పద్నాలుగో పుట చదివింది. తర్వాత సంఘానికి అందినట్టు ముద్ర వేసి ఇచ్చిన దరఖాస్తు నకలు తీసి, మూడో పేరా చదివింది. పుస్తకం అచ్చుకాకముందే, ఏ చప్పుడు ఎక్కడ ఎన్నిసార్లు పడిందో, దేనితో పడిందో అందులో ఉంది.

అధ్యక్షుడు నీళ్లు తాగాడు. గోడ పక్కన నిలబడ్డ ఒక యువతి చేయెత్తింది. ధ్వని శుభ్రం చేసిన సాంకేతిక నిపుణురాలు. “ఆ చప్పుళ్లు తీసింది నేనేనండీ. తీయమన్నారు, తీశాను. కానీ అవి గీతల చప్పుళ్లలా లేవు, లెక్కగా పడుతున్నాయి. అందుకే పారేయలేదు. దాచాను.”

హాలు ఖాళీ అయ్యాక ఆ యువతి వాళ్లను యంత్రాల గదికి తీసుకెళ్లి ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. యాభై రెండేళ్ల కిందటి గోరు కర్ర మీద తట్టింది. ఆమె కళ్లు మూసుకుని నాలుగూ విని, “మళ్లీ పెట్టు తల్లీ,” అంది. ఏడుసార్లు పెట్టించుకుంది. “మూడోది కాస్త తొందరపడ్డాను,” అంది చివరికి, కొత్తగా చేరిన ఉద్యోగి తప్పు దిద్దుతున్నట్టు. ఆ యువతి అక్కడే జరిగింది జరిగినట్టు రాసి సంతకం చేసి ఇచ్చింది.

“పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ తట్లు పెట్టమని రాయి,” అంది ఆమె దారిలో. “అవి లేకపోతే పాపం, ఆ అబ్బాయి మొహం ఒక్కటే ఎంత పని చేస్తుంది?”

“రెండూ రాస్తాను అత్తయ్యా. మీ మొహమాటం మీ దగ్గరే ఉంచుకోండి.”

రెండూ రాశారు. ఆ యువతి వాంగ్మూలం జతచేశారు. పది రోజుల్లో జవాబు వచ్చింది: ‘విషయాన్ని తదుపరి సర్వసభ్య సమావేశంలో పరిశీలిస్తాము.’ సమావేశం ప్రింట్లు వెళ్లిన మూడు నెలలకు.

సంఘం అధ్యక్షులకూ, నలుగురు ఉపాధ్యక్షులకూ, కోశాధికారికీ ఇది చివరి మాట. ఉత్తరం మీ దగ్గరుంది. నోటుపుస్తకం పుట మీ దగ్గరుంది. తీసేసిన చప్పుళ్లు మీ యంత్రాల గదిలోనే ఉన్నాయి, తీసిన చేయే అవి ఎవరివో రాసి ఇచ్చింది. సమావేశం కోసం ఆగవలసింది ఏమీ మిగల్లేదు. ఆ నాలుగు తట్లను వాటి చోట తిరిగి పెట్టండి. నలభై ఒక్క పేర్ల అడుగున కాదు, నటి పేరు పక్కన, అదే సైజు అక్షరాల్లో, దరఖాస్తులో ఉన్న పేరును ఉన్నది ఉన్నట్టు వేయండి. పెట్టెలకు సీలు పడకముందే వేయండి.